జున్నుగిన్నెలో దూడ వాటా

2021 డిసెంబరులో మా మూడో ఈత గేదె రాత్రి పదకొండున్నరకు ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్లబొట్టు. అరగంట తిరక్కుండానే లేవడానికి తంటాలు పడి, రెండుసార్లు పడి, మూడోసారి నిలబడింది. అత్తయ్య, నేను, మా దగ్గర పనిచేసే పెద్దాయన ముగ్గురం చలిలో పాకలోనే కూర్చున్నాం. దూడ కోసం కాదు, మాయ కోసం, అంటే ఈనాక గేదె గర్భంలోంచి జారిపడే సంచి కోసం. గేదె మాయ తినేస్తే పాలు తగ్గిపోతాయని మా డెల్టా ఊళ్ళలో గట్టి నమ్మకం. అందుకని వంతులవారీగా మేలుకుని కాపలా కాశాం. దూడ తల్లి కాళ్ళ మధ్య తల దూరుస్తుంటే పెద్దాయన వెనక్కి లాగి గుంజకు కట్టేశాడు.

"పాపం, ఆకలేమో అత్తయ్యా" అన్నాను.

"మాయ పడకుండా పొదుగు ముట్టుకుంటారా అమ్మాయ్?" అంది.

నేనూ ఊరుకున్నాను. మా పుట్టింట్లోనూ అదే పద్ధతి.

మాయ పడేసరికి తెల్లారి తొమ్మిదయింది. దాన్ని గోనెపట్టాలో చుట్టి చెరువుగట్టు మీది మర్రిచెట్టుకు కట్టి వచ్చాడు పెద్దాయన. గేదెకు వేణ్ణీళ్ళు పోసి పాలు పిండాం. వేళ్ళకు బంకలా అంటుకునే ముర్రుపాలు నాలుగు లీటర్ల దాకా వచ్చాయి. ఎదురింటికి ఒక గిన్నె, ఆడపడుచు ఇంటికి ఒక క్యాను, మాకు కొంచెం. తర్వాత దూడను వదిలితే వట్టి చనుకట్లు చీకింది. మేం మాత్రం ఆ సాయంత్రం మిరియాలూ యాలకులూ దట్టించిన బెల్లం జున్ను తిన్నాం. అబద్ధమెందుకు, చాలా బాగుంది.

అయిదో రోజు దూడకు తెల్లపారుడు పట్టుకుంది. డాక్టరుగారు వచ్చి సెలైన్ ఎక్కించారు, ఇంజక్షన్లు చేశారు. ఎనిమిదో రోజు పొద్దున వెళ్ళేసరికి మెడ వాల్చేసి ఉంది. అందరం పారుడుతో పోయిందన్నాం. ఇప్పుడు నేను అలా అనను. ఆ దూడ ఎనిమిదో రోజు పోలేదు. మేం మాయకు కాపలా కాసిన ఆ రాత్రే దానికి దారులు మూసేశాం. మిగతా వారం రోజులూ అది తెలియడానికి పట్టాయంతే.

మనుషుల్లో తల్లి ఒంట్లో ఉన్న యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకు కడుపులో ఉండగానే చేరతాయి, ముఖ్యంగా చివరి నెలల్లో. మన పిల్లలు ఆ సంచి మోసుకునే పుడతారు. ఆవుకీ గేదెకీ ఆ ఏర్పాటు లేదు. వాటి మాయలో తల్లి రక్తానికీ పిల్ల రక్తానికీ మధ్య పొరలు ఎక్కువ, యాంటీబాడీలు దాటలేవు. కాబట్టి దూడ నేలమీద పడే క్షణానికి దాని రక్తంలో రోగాలతో పోరాడే సరుకు దాదాపు సున్నా. పడేదేమో పేడా మూత్రమూ ఉన్న పాకలో. తల్లి ఇవ్వాల్సిందంతా ఆ మొదటి పాలలోనే దాచి ఉంచుతుంది. మంచి ముర్రుపాలలో లీటరుకు 50 గ్రాములు, అంతకు మించి కూడా యాంటీబాడీలు ఉంటాయి. మామూలు పాలలో ఒక్క గ్రాము కూడా ఉండవు. రెండూ పాలే అనుకుంటే ఎలా?

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. 1922లోనే అమెరికాలో ప్రిన్స్‌టన్ దగ్గరి రాక్‌ఫెల్లర్ సంస్థలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే ఇద్దరు కొన్ని దూడలకు ముర్రుపాలు తాగించి, కొన్నింటికి తాగించకుండా పెంచి చూశారు. తాగినవి బతికాయి. తాగనివాటిలో ఎక్కువ భాగం రోజుల్లోనే చచ్చిపోయాయి. (పశువుల జ్వరం ఒకటి పిడుదుల ద్వారా పాకుతుందని అంతకు ముప్పై ఏళ్ళ ముందు నిరూపించినవాళ్ళలో ముఖ్యుడు ఈ స్మిత్‌గారే. పిడుదులు ఏరేటప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.) నూరేళ్ళు కావొచ్చినా మా పాకలోకి ఆ కబురు రాలేదు. నాకు ఎవరూ చెప్పలేదంటే పూర్తి నిజం కాదు, పశుసంవర్ధక శాఖ వాళ్ళ గోడపత్రికల మీద ఎప్పుడూ ఉండేదే. చదివి దాటిపోయాను.

అసలు మెలిక పాలలో లేదు, గడియారంలో ఉంది. యాంటీబాడీ అనేది పెద్ద ప్రోటీను. మామూలుగా ఏ ప్రోటీనైనా పేగులో ముక్కలై అరిగిపోవాలి, నేరుగా రక్తంలోకి వెళ్ళకూడదు. పుట్టిన దూడ పేగు మాత్రం కొన్ని గంటలపాటు దీన్ని చెక్కుచెదరకుండా లోపలికి రానిస్తుంది. ఆ వీలు మొదటి గంటల్లో బాగా ఉండి, గంటగంటకీ తగ్గుతూ, 24 గంటలకు దాదాపు మూసుకుపోతుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, తెరిచి ఉన్న ఆ దారిలో పాలే వెళ్ళాలని లేదు. ఆకలితో దూడ గుంజను నాకినా, పేడ అంటిన తోకను చీకినా క్రిములూ అదే దారిన ముందుగా దిగుతాయి. మా దూడను తొమ్మిదిన్నర గంటలు కట్టేశాం. ఈలోగా అది ఏమేం నాకిందో!

ఇప్పుడు మాయ సంగతి. నా కోపమంతా దీనిమీదే.

మాయ పడితేనే పొదుగు ముట్టాలన్నది కార్యాన్నీ కారణాన్నీ తలకిందులు చేసుకున్న పద్ధతి. దూడ పొదుగును కుమ్మి చీకుతుంటే తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. గేదె చేపడానికి, అంటే పొదుగులోకి పాలు దించడానికి కారణం అదే, గర్భసంచి ముడుచుకోవడానికి సాయపడేదీ అదే. అంటే దూడ తాగడం మాయ పడడానికి తోడ్పడే పని. మాయ పడేదాకా దూడను ఆపడమంటే మాయకు అందే సాయాన్ని ఆపి, అది ఎందుకు రావట్లేదని కూర్చోవడం. మామూలుగా మాయ ఈనిన కొన్ని గంటల్లో పడిపోతుంది, 12 గంటలు దాటినా పడకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. సరిగ్గా ఆ 12 గంటలే దూడకు అమూల్యమైనవి. రెండింటినీ ముడిపెట్టిన మహానుభావులెవరో గాని, దూడ వైపు నుంచి ఆలోచించలేదు.

గేదె మాయ తినకుండా చూసుకోవడంలో తప్పు లేదు. కాపలా కాయండి. కాస్తున్నవాళ్ళు ఖాళీగా కూర్చోకుండా దూడకు పాలు పట్టించమనే నా గోల.

ఇక జున్ను. ఈ వ్యాసం చదివి "మీరు జున్ను మానేయమంటారా" అని ఎవరో ఒకరు అడుగుతారు, అందుకే ముందే చెప్తున్నాను. మానను. మానమననూ. కానీ జున్ను ఎందుకు గట్టిపడుతుందో ఒకసారి చూడండి. పెరుగుకు తోడు కావాలి, పాలు విరగాలంటే నిమ్మరసం కావాలి. జున్నుకు ఏమీ అక్కర్లేదు, ఆవిరి మీద పెడితే కోడిగుడ్డు సొనలా దానంతటదే బిగుస్తుంది. బిగిసేది ముర్రుపాలలో కిక్కిరిసి ఉన్న ప్రోటీన్లు. వాటిలో పెద్ద వంతు దూడకు చేరాల్సిన ఆ యాంటీబాడీలే. వేడికి అవి విరిగిపోయి ముద్ద కడతాయి. మన కడుపులోకి వెళ్ళేసరికి అది కమ్మటి తిండి, అంతకు మించి ఏమీ కాదు. విరగకుండా వెళ్ళినా పెద్దవాళ్ళ పేగు దాన్ని అరిగించుకుంటుంది గాని రక్తంలోకి పంపదు. "జున్ను తింటే ఇమ్యూనిటీ" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళు దయచేసి ఈ వాక్యం మళ్ళీ చదవండి.

మన ఆడవాళ్ళకు ఈ లెక్క తెలియకుండానే తెలుసు. మొదటి పూట పాలైతే మరీ గట్టిగా, రబ్బరులా వస్తుందని మామూలు పాలు సమానంగానో, ఇంకా ఎక్కువగానో కలుపుతారు. రెండో రోజు పాలకు తక్కువ కలిపితే చాలు. మూడో రోజుకు కలపకుండానే వండినా మెత్తగా ఉంటుంది, ఒక్కోసారి సరిగా తోడుకోదు కూడా. మా అత్తయ్య చెయ్యి పెట్టి చూసి ఎన్ని గ్లాసులు కలపాలో చెప్పేస్తుంది. ఆ గ్లాసుల లెక్కే ముర్రుపాలలో సరుకు ఎంత ఉందో చెప్పే లెక్క. పట్నం డెయిరీ ఫారాల్లో దీనికే రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న గొట్టం వాడతారు. చక్కెర ఫ్యాక్టరీల్లో చెరుకు రసం తీపి చూసేది కూడా దానితోనే. ముర్రుపాల చుక్క వేస్తే దాని బ్రిక్స్ కొలత 22 పైన చూపించాలి. అత్తయ్యకు నేను ఈ మాట చెప్పినప్పుడు, "అయితే నేనే మిషన్‌ని" అని నవ్వింది.

మరి దూడకు ఎంత కావాలి? ఒంటి బరువులో పదో వంతు, మొదటి రోజులోనే. మా ముర్రా సంకరం దూడలు 30 కిలోలకు అటూఇటూ ఉంటాయి, కాబట్టి మూడు లీటర్లు. జెర్సీ సంకరం దూడ చిన్నది, దానికి రెండు, రెండున్నర. సగం మొదటి రెండు గంటల్లో పడాలి, మిగతాది ఆరేడు గంటల్లోపు. బరువు ఎలా చూస్తారంటారా? ధాన్యం తూచే కాటా మీద దూడను ఎత్తుకుని ఒకరు నిలబడి, తర్వాత దూడ లేకుండా నిలబడితే సరి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని మా అబ్బాయిది.

దూడ తనంతట తాను తాగితే చాలదా అంటే, తాగితే చాలు. తాగిందో లేదో మనకు తెలియదన్నదే ఇబ్బంది. కొన్ని గేదెలు, ముఖ్యంగా తొలి ఈతవి, తన్నేస్తాయి. కొన్నింటి పొదుగు మరీ కిందికి వేలాడుతూ దూడ నోటికి అందదు. కష్టపు ఈనుడు అయితే దూడ నీరసంగా పడి ఉంటుంది. అందుకని పొదుగు కడిగి, మొదటి ధార పారబోసి, లీటరున్నర పిండి సీసాకు నిపిల్ తగిలించి పట్టిస్తాను. మా వైపు మందులు పోసినట్టే వెదురుగొట్టంతో పాలూ పోస్తారు, అది వద్దు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాను మనమే తెచ్చిపెట్టినట్టు.

"ముర్రుపాలు ఎక్కువైతే అరక్క దూడకు పారుతుంది" అన్నది అత్తయ్య పాయింటు. దీన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే సగం నిజం. ముర్రుపాలు కొంచెం విరేచనకారి. దూడ కడుపులో పుట్టుకతో ఉన్న నల్లటి జిగట పేడ బయటికి రావాలంటే అదే కావాలి. ఆ పల్చటి పేడను చూసి పెద్దవాళ్ళు అజీర్తి అనుకున్నారు. రోజంతా కట్టేసి సాయంత్రం ఒక్కసారిగా వదిలితే ఆబగా తాగి పారుకునే మాటా నిజమే. దానికి మందు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టడం. ఎండగట్టడం కాదు. అయిదో రోజు వచ్చే తెల్లపారుడు వేరు. అది ఈ.కోలై లాంటి క్రిముల పని, రోటా వైరస్ పని. ముర్రుపాలు తాగని దూడను అది వెతుక్కుంటూ వస్తుంది.

దున్నదూడల గురించి కూడా ఇక్కడే అనేస్తాను. పెయ్య పుడితే సంబరం, దున్న పుడితే నిట్టూర్పు. ట్రాక్టర్లు వచ్చాక దానితో పని లేదు, పెంచితే దాణా ఖర్చు. పాలు పట్టకుండా వదిలేసి, "దానంతట అదే పోయింది" అని చెప్పుకునే ఇళ్ళు నాకు తెలుసు. పాపం పుణ్యం మాట పక్కన పెట్టి డబ్బు లెక్కే మాట్లాడుకుందాం. పారుకుంటున్న దున్నదూడ పాక నిండా క్రిములు చల్లుతుంది, రేపు పుట్టబోయే పెయ్య అదే నేలమీద పడుతుంది. పైగా దూడ పోతే గేదె చేపదు. తర్వాత పాల ఇంజక్షన్ల వెంట పరిగెత్తాలి. దున్నకు పట్టే మూడు లీటర్లంత చవక బీమా ఇంకోటి లేదు.

టానిక్కుల విషయం. మా దూడ పోయాక మందుల షాపులో నాకు మూడు రకాల సీసాలు అంటగట్టారు, అన్నిటి మీదా "రోగనిరోధక శక్తిని పెంచును" అని రాసి ఉంది. లివర్ టానిక్కు, విటమిన్లు, ఏదో మూలికల పొడి. వాటిలో మంచి ఉంటే ఉండొచ్చు. కానీ ఒక్కటి తేల్చుకోవాలి: వారం వయసు దూడ రక్తంలో లేని యాంటీబాడీలను నోటి మందు ఏదీ తెచ్చిపెట్టలేదు. దారి మూసుకుపోయింది. దూడ సొంతంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టి అది అక్కరకు రావడానికి వారాలు పడుతుంది. ఆ వారాలను దాటించేది తల్లి ఇచ్చిన అప్పే. సీసా మీద పెట్టే డబ్బుతో గేదె చూడితో ఉన్నప్పుడు రెండు బస్తాల తెలగపిండి కొనడం మేలని నా అభిప్రాయం.

ఎందుకంటే పని అసలు తల్లి దగ్గర మొదలవుతుంది. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపాలి. చివరి నాలుగైదు వారాల్లో తల్లి రక్తంలోని యాంటీబాడీలు పొదుగులోకి చేరుతుంటాయి. అప్పటికీ "ఇంకో లీటరు వస్తోంది కదా" అని పిండుకునేవాళ్ళు దూడ సొత్తును పాలకేంద్రంలో పోస్తున్నట్టే. ఈనకముందే చనుకట్లు కారిపోతున్న గేదెదీ అదే నష్టం, ఆ పాలు పట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. గాలికుంటుకూ గొంతువాపుకూ తల్లికి వేళకు టీకాలు పడి ఉంటే ఆ రక్షణ కూడా పాలలోకి దిగుతుంది.

ఇంకో సంగతి మా ప్రాంతంవాళ్ళు తప్పక ఆలోచించాలి. మేం హర్యానా నుంచి ముర్రా గేదెలు తెచ్చుకుంటాం, అదీ నిండు చూడితో, వచ్చిన పది రోజుల్లో ఈనేలా. చేతికి వెంటనే పాలు వస్తాయని. కానీ తల్లి తను చూసిన రోగాలకే యాంటీబాడీలు తయారు చేస్తుంది. రోహ్‌తక్ పాకలోని క్రిములకు ఆమె సిద్ధం, మా పాకలోవాటికి కాదు. లారీలో మూడు రోజుల బడలిక సరేసరి. తేవాలనుకుంటే ఈనడానికి కనీసం రెండు నెలల ముందు తెచ్చి ఇక్కడి నీళ్ళూ గడ్డీ అలవాటు చేయండి. దళారి ఒప్పుకోడు, నాకు తెలుసు. ధర బేరం ఆడే నోటితోనే ఇదీ ఆడండి.

మిగతావి చిన్నచిన్నవి. బొడ్డు రెండంగుళాలు వదిలి కత్తిరించి టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి, లేకపోతే అక్కడినుంచి క్రిములు ఎక్కి కీళ్ళు వాస్తాయి. పసుపు అద్ది వదిలేస్తే చాలదు. గేదె దూడలకు పది, పదిహేను రోజుల మధ్య డాక్టరును అడిగి ఏలికపాముల మందు వేయించాలి. ఆ పాముల పిల్లలు తల్లి పాలలోంచే వస్తాయి, తల్లి ఇచ్చేవన్నీ వరాలే కాదు మరి. నాలుగో నెలకు తల్లి యాంటీబాడీలు తగ్గిపోతాయి, అప్పుడు గాలికుంటు మొదటి టీకా. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఇది ఉచితమే. పెయ్యలకైతే నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు, చూడి ఈసుకుపోయే రోగం, అదే బ్రూసెల్లా టీకా, జన్మకు ఒకేసారి. ముర్రుపాలు అందని దూడ ఇంతదూరం వస్తే కదా ఇవన్నీ!

ఆ గేదే 2023 జనవరిలో మళ్ళీ ఈనింది. ఈసారి దున్న. మాయ ఇంకా వేలాడుతుండగానే నేను చెంబు పట్టుకుని కూర్చున్నాను. అత్తయ్య ఏమీ అనలేదు, మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. దూడ గంటలోపే లీటరుంబావు తాగింది, తెల్లవారుజామున మరో లీటరున్నర. మాయ నాలుగింటికే పడింది. ఒక్క ఈతతో ఏదీ రుజువు కాదని నేనూ ఒప్పుకుంటాను, మాయ ఏ కారణంతోనైనా త్వరగా పడి ఉండొచ్చు. దూడకు మాత్రం ఆ నెలంతా ఒక్క రోజూ పారలేదు. జున్ను రెండో రోజు పాలతో, దూడ తాగగా మిగిలినదానితో వండాం. పాలు తక్కువ కలిపిందేమో, అత్తయ్య చేతి జున్ను ఎప్పటిలాగే ఉంది. ఎదురింటికి మాత్రం ఈసారి చిన్న గిన్నె వెళ్ళింది, వాళ్ళు ఏమనుకున్నారో తెలియదు.

మొదటి పూట మిగిలిన లీటరును రెండు అరలీటరు నీళ్ళసీసాల్లో పోసి, తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాను. గడ్డకట్టి ఉంటే ఏడాది దాకా పనికొస్తాయి. కరిగించేటప్పుడు పొయ్యి మీద పెట్టకూడదు, చెయ్యి పెట్టగలిగే వేణ్ణీళ్ళలో ఉంచాలి. కాస్త వేడెక్కిందంటే సీసాలోనే జున్ను అవుతుంది. ఆ వేసవిలో మా వీధి చివరి ఇంట్లో ఆవు ఈని చచ్చిపోయింది. రాత్రి పదింటికి వాళ్ళబ్బాయి పరిగెత్తుకొచ్చి "పిన్నీ, మీ దగ్గర ఏవో పాలున్నాయట" అన్నాడు. గేదె పాలు ఆవుదూడకు పడతాయా అని వాళ్ళ నాన్నకు అనుమానం. పడతాయి. రెండు సీసాలూ ఇచ్చేశాను. ఆ కోడెదూడ ఇప్పుడు వాళ్ళ వాకిట్లో నా కొంగు పట్టి లాగుతుంది.

మా పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు గేదె, ఒకటి వచ్చే నెల ఈనబోతోంది. పొదుగు దిగడం మొదలైంది. తొలి ఈత కాబట్టి ముర్రుపాలు తక్కువే రావొచ్చు, తన్నొచ్చు కూడా. ఫ్రీజర్‌లో నాలుగు సీసాలున్నాయి. పిల్లలు ఐస్‌క్రీం డబ్బా పెట్టుకోవడానికి చోటు లేదని గొడవ చేస్తున్నారు. నిన్న ఆ డబ్బా బయటపెట్టి సీసాలను లోపలికి జరిపింది అత్తయ్యే.